గొట్టం మీద ఏం రాసుందో చదివారా?

(డాలస్ ప్రాంతంలోని తెలుగు రేడియోలో శనివారం ఉదయం వచ్చే ఫోన్-ఇన్ కార్యక్రమం. అక్టోబర్ చివరి వారం. అతిథి ఇరవై ఏళ్ళుగా టెక్సాస్‌లో వేటకు వెళ్తూ, కొత్తవాళ్ళకు క్లాసులు చెప్పే తెలుగాయన. అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు.)

యాంకర్: నమస్కారమండీ. నవంబర్ మొదటి శనివారం జింకల సీజన్ మొదలవుతుంది. మనవాళ్ళలో కూడా వేట భూములు లీజుకి తీసుకుని వెళ్ళేవాళ్ళు బాగా పెరిగారు. ఏ జంతువుకి ఏ రైఫిల్, ఏ తూటా అని వారం నుంచీ మెసేజీలే మెసేజీలు. మాస్టారూ, ముందు ఒక్క మాట చెప్తారా?

మాస్టారు: ఒక్కటే. తూటా అంటే మొత్తం: ఇత్తడి తొడుగు, లోపల మందు, ముందు బుల్లెట్. మనవాళ్ళు కాలిబర్ నంబరు, అంటే గొట్టం రంధ్రం వెడల్పు అడుగుతారు, బుల్లెట్ సంగతి అడగరు. జంతువు దాకా వెళ్ళేది బుల్లెట్టే. సరే, కాల్స్ తీసుకుందాం.

యాంకర్: ఫ్రిస్కో నుంచి ఫోన్. చెప్పండి.

కాలర్ (ఫ్రిస్కో): నమస్తే మాస్టారూ. పోయినేడు ఫ్రెండ్ దగ్గర .300 విన్ మ్యాగ్ రైఫిల్ కొన్నాను, వించెస్టర్ మ్యాగ్నమ్. పెద్దది తీసుకుంటే దేనికైనా పనికొస్తుందని. లానో దగ్గర లీజు ఉంది. జింకలకి మేత వేసే ఫీడర్ ఎనభై గజాల్లో ఉంటుంది. పోయిన సీజన్‌లో మూడు జింకల మీద కాల్చాను, మూడూ మిస్. స్కోప్ మార్చాలంటారా?

మాస్టారు: స్కోప్ జోలికి వెళ్ళకండి. రేంజ్‌లో కాల్చేటప్పుడు కళ్ళు మూసుకుంటున్నారా?

కాలర్: (నవ్వి) మా ఆవిడ వీడియో తీసింది. మూసుకుంటున్నాను.

మాస్టారు: అదీ సంగతి. మీ లానో వైపు హిల్ కంట్రీ జింక మన ఊళ్ళో బాగా మేసిన మేకపోతు కంటే కాస్త పెద్దది, అంతే. గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత. .243 రైఫిల్‌లో వంద గ్రెయిన్ల బుల్లెట్ గొట్టం దాటేసరికి దాదాపు 1,950 ఫుట్ పౌండ్ల శక్తితో ఉంటుంది. ఎనభై గజాల్లో ఆ జింకకి అది ఎక్కువే. మీది 3,500 దగ్గర. జింకకి తేడా తెలియదు, మీ భుజానికి తెలుస్తుంది. .243 కంటే రెండింతలు పైగా తన్నుతుంది అది. ఆ తన్నుకి భయపడి మీట నొక్కే ముందే ఒళ్ళు బిగుస్తుంది, గొట్టం కిందికి వాలుతుంది.

కాలర్: మరి అమ్మేయాలా?

మాస్టారు: తొందరేం లేదు. రేంజ్‌కి ఒక స్నేహితుణ్ణి తీసుకెళ్ళండి. మీరు చూడకుండా ఆయనే లోడ్ చెయ్యాలి, ఒకసారి అసలు తూటా, ఒకసారి పేలని డమ్మీ. డమ్మీ ఉన్నప్పుడు మీట నొక్కితే గొట్టం ఎగిరిపడిందా, జబ్బు బయటపడినట్టే. ఈ సీజన్‌కి ఎవరిదైనా .243 గానీ 6.5 క్రీడ్‌మూర్ గానీ తీసుకుని కాల్చి చూడండి. .308 అయినా పర్వాలేదు. ఇంతకీ ఈ ఏడాదికి తూటాలు కొన్నారా?

కాలర్: నిన్నే కొన్నాను. డబ్బా ఇంకా విప్పలేదు.

మాస్టారు: గొట్టం మీద ఏం చెక్కి ఉందో, డబ్బా మీద ఏం రాసుందో అక్షరం అక్షరం పోల్చి మళ్ళీ ఫోన్ చెయ్యండి. రైఫిల్‌లో తూటా లేదని ముందు చూసుకోండి.

కాలర్: గరాజ్‌లో సేఫ్‌లో ఉంది. చూసి చేస్తాను.

యాంకర్: కేటీ నుంచి ఒక అమ్మగారు లైన్లో ఉన్నారు.

కాలర్ (కేటీ): నమస్తే సార్. మా అమ్మాయికి పదమూడేళ్ళు. వేట క్లాసు పూర్తయింది, సర్టిఫికెట్ వచ్చింది. మావారి .243తో రేంజ్‌లో బాగానే కాలుస్తోంది. ఇంట్లో రెండు డబ్బాలున్నాయి, రెండిటి మీదా .243 అనే ఉంది. ఒకటి 58 గ్రెయిన్లు, ఇంకొకటి 100. చిన్నది తక్కువ తన్నుతుంది కదా, అదే ఇవ్వనా?

మాస్టారు: ఫోన్ చేసి మంచి పని చేశావమ్మా. 58 గ్రెయిన్ల డబ్బా మీద ఏం బొమ్మ ఉంది?

కాలర్: నక్కలా ఉంది.

మాస్టారు: కయోటీ అయి ఉంటుంది, ఇక్కడి చిన్న తోడేలులాంటిది. ఆ బుల్లెట్‌కి పైన రాగి తొడుగు చాలా పల్చన. సన్నగా ఉండే చిన్న జంతువుకి తగలగానే ముక్కలు ముక్కలైపోవాలని చేస్తారు. అదే జింక భుజం ఎముకకి తగిలిందనుకో, అక్కడే పగిలిపోతుంది. పైన అరచేతంత గాయం, లోపల గుండెకీ ఊపిరితిత్తులకీ ఏమీ కాదు. జింక పరిగెత్తి వెళ్ళి ఏ పొదలోనో రెండు రోజులు బాధపడి చస్తుంది. ఒకసారి అలాంటి దాన్ని వెతకడానికి నేనూ వెళ్ళాను, రాత్రి పదకొండు దాకా టార్చి లైట్లతో తిరిగాం. దొరకలేదు. కాల్చిన కుర్రాడు మళ్ళీ వేటకి రాలేదు.

కాలర్: అమ్మో. అయితే వందే.

మాస్టారు: వంద గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్. కొన దగ్గర సీసం బయటికి కనపడుతుంది చూడు, అది లోపలికి దిగాక పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. తన్నులో తేడా ఉంటుంది కానీ పిల్ల తట్టుకుంటుంది. ఒక్క జాగ్రత్త. బుల్లెట్ మారితే తగిలే చోటూ మారుతుంది. 58తో సెట్ చేసిన స్కోప్‌తో 100 కాలిస్తే గురి తప్పుతుంది. ఏది జింకకి వాడుతుందో దానితోనే రేంజ్‌లో మళ్ళీ సరిచూడండి.

యాంకర్: డెన్వర్ నుంచి ఒక తమ్ముడు. అక్కడా వింటున్నారన్నమాట.

కాలర్ (డెన్వర్): యాప్‌లో వింటాం అన్నా. మాస్టారూ, ఇప్పుడు .243 అన్నారు కదా, మా దగ్గరి పెద్ద జింక, ఎల్క్‌కి కూడా అది సరిపోతుందా?

మాస్టారు: కొలరాడో చట్టం ఒప్పుకుంటుంది. కాలిబర్ కనీసం .24 ఉండాలి, ఎల్క్‌కి బుల్లెట్ 85 గ్రెయిన్లకి తగ్గకూడదు, విచ్చుకునే రకమై ఉండాలి, వంద గజాల్లో 1,000 ఫుట్ పౌండ్లు ఉండాలి. చట్టం చెప్పింది పాస్ మార్కు. ఏడొందల పౌన్ల మగ ఎల్క్ ఎదురుగా నిలబడితే పాస్ మార్కులతో వెళ్ళకు నాయనా. .270, .308, .30-06లో ఏదైనా సరే, పైన రాగి తొడుగుని లోపలి సీసానికి అతికించిన బాండెడ్ బుల్లెట్, ముప్పై కాలిబర్లో అయితే 165, 180 గ్రెయిన్లు. ఫ్రిస్కో ఆయన .300 విన్ మ్యాగ్‌కి అసలు చోటు అదే, మీ కొండలు.

యాంకర్: అర్వింగ్ నుంచి.

కాలర్ (అర్వింగ్): సార్, నాకు అడవిపందుల గురించి. ఈ శుక్రవారం రాత్రి ఇద్దరు ఫ్రెండ్స్‌తో ఒక రాంచ్‌కి వెళ్తున్నాం. ఒకడిది .223 ఏఆర్ రైఫిల్, ఇంకొకడిది .300 బ్లాక్‌అవుట్ ఏఆర్. నేను ఎవరిదో ఒకటి తీసుకుంటాను. తూటాలు నింపే మ్యాగజైన్లు రెండింటికీ ఒకటే కాబట్టి అన్నీ నింపి ఒకే సంచిలో పెట్టుకుందామని...

మాస్టారు: ఆగండి, ఆగండి. ఒకే సంచి వద్దే వద్దు. బ్లాక్‌అవుట్ తూటాని .223 ఇత్తడి తొడుగుని కత్తిరించే తయారుచేశారు. అడుగు ఒకటే, మ్యాగజైన్ ఒకటే, బోల్టూ ఒకటే. గొట్టం మాత్రం వేరు. బ్లాక్‌అవుట్ బుల్లెట్ వెడల్పు .308 అంగుళాలు, .223 గొట్టం రంధ్రం .224. కొన్ని రకాల బుల్లెట్లతో బ్లాక్‌అవుట్ తూటా .223లోకి చక్కగా దిగిపోతుంది, బోల్టు మూసుకుంటుంది. ఏ తేడా తెలియదు. మీట నొక్కితే బుల్లెట్‌కి దారి లేదు, ఆ ప్రెషర్ అంతా వెనక్కి తిరుగుతుంది. రైఫిల్ పేలి ముక్కలవుతుంది, మీ మొహానికి ఆరంగుళాల దూరంలో.

కాలర్: (కాసేపు మౌనం) ఇది ఎవరూ చెప్పలేదు సార్.

మాస్టారు: చీకట్లో, టెన్షన్‌లో, చేతికి దొరికిన మ్యాగజైన్ పెట్టేస్తాం. అందుకని ఆ రాత్రికి అందరూ ఒకే కాలిబర్ తీసుకెళ్ళండి. రెండోది ఇంట్లోనే ఉండాలి, కారులో కూడా వద్దు. నేనైతే బ్లాక్‌అవుట్ మ్యాగజైన్లకి ఎర్ర టేపు చుట్టి, వేరే పెట్టెలో తాళం వేస్తాను.

యాంకర్: మరి పందికి రెండింటిలో ఏది మంచిది?

మాస్టారు: బుల్లెట్ సరిగ్గా ఉంటే ఏదైనా. ముసలి మగపందికి భుజం మీద చర్మం కింద గట్టి కవచంలాంటి పొర ఉంటుంది. .223లో కయోటీ బుల్లెట్ అక్కడే ఆగిపోతుంది, 62 గ్రెయిన్ల బాండెడ్ లాంటిది కావాలి. ఇంకో తప్పు, జింకకి కాల్చినట్టు భుజం వెనకాల కాలుస్తారు. పందికి గుండె ఇంకా ముందుకి, ఇంకా కిందికి ఉంటుంది. వెనక్కి కాలిస్తే కడుపులో తగులుతుంది. బ్లాక్‌అవుట్‌లో శబ్దం కంటే నెమ్మదిగా పోయే, చప్పుడు తక్కువ చేసే సబ్‌సానిక్ 220 గ్రెయిన్లవి ముచ్చటపడి కొంటారు. దాని శక్తి 500 ఫుట్ పౌండ్లు, అంతే. 110, 125 గ్రెయిన్ల వేగంగా పోయేవి తీసుకోండి. అదిసరే, మీరు ఏ వీసా మీద ఉన్నారు? చెప్పాలనుకుంటేనే.

కాలర్: హెచ్ వన్ బీ సార్. పందులకి లైసెన్స్ అక్కర్లేదుగా?

మాస్టారు: అక్కడే చాలామంది ఇరుక్కుంటారు. 2019 నుంచి టెక్సాస్‌లో ప్రైవేట్ భూమిలో యజమాని ఒప్పుకుంటే పందుల వేటకి లైసెన్స్ అక్కర్లేదు, నిజమే. అది రాష్ట్రం మాట. ఫెడరల్ చట్టం వేరే. మీలాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాదారులు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. స్నేహితుడిదైనా సరే. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. అంటే పంది కోసం కాకపోయినా మీ కోసం లైసెన్స్ కొనాలి. ఉందా?

కాలర్: పోయిన సీజన్‌ది ఉంది.

మాస్టారు: అది ఆగస్టు 31తో అయిపోయింది. ఈరోజే కొత్తది కొనండి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు కూడా ఉండాలి. మీ కేసులో ఇంకేమైనా మెలిక ఉందేమో లాయర్‌ని అడగండి. నేను తూటాల మాస్టార్నే, లాయర్‌ని కాను. పందిని కోసేటప్పుడు గ్లౌజులు మర్చిపోవద్దు, వాటికి బ్రూసెల్లోసిస్ ఉండొచ్చు, మనుషులకీ అంటే జబ్బు.

యాంకర్: ప్లేనోలో కొడుకు ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన.

కాలర్ (ప్లేనో): బాబూ, నాది మాచర్ల దగ్గర. మా నాన్నగారికి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ ఉండేది. పందికైతే ఎల్జీ పెద్ద గుళ్ళు, దుప్పికైతే ఎస్జీ, కౌజులకి నాలుగో నంబరు రవ్వలు. మా లెక్క మూడు ముక్కల్లో అయిపోయేది. మీరేంటి, గ్రెయిన్లంటారు, పౌన్లంటారు?

మాస్టారు: బాబాయ్ గారూ, మీదీ అదే లెక్క. జంతువు పెద్దదైతే గుండు పెద్దది, పిట్టైతే రవ్వలు. కాకపోతే మీరు ముప్పై నలభై గజాల్లో కాల్చేవారు. ఆ తుపాకీ ఉందా?

కాలర్: డెబ్బై రెండులో వన్యప్రాణి చట్టం వచ్చాక అటక ఎక్కించారు. తర్వాత స్టేషన్‌లో ఇచ్చేశాం. నా సందేహం వేరు. అప్పట్లో కూర తింటుంటే పంటి కింద సీసం గుండు తగిలేది, తీసి పళ్ళెం అంచున పెట్టేవాళ్ళం. ఇప్పుడు మనవడు తింటున్నాడు, భయంగా ఉంది.

మాస్టారు: ఆ భయం మంచిదే. రైఫిల్ సీసం ఇంకా సన్నగా చెదురుతుంది, పంటికి కూడా దొరకదు. గాయం చుట్టూ ఎర్రగా కమిలిన మాంసం ధారాళంగా కోసి పారెయ్యమనండి. ఇంకా మంచిది, మొత్తం రాగితో చేసిన బుల్లెట్లు వాడమనండి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసం బొత్తిగా వాడకూడదు. రాగి సీసం కంటే తేలిక కాబట్టి బరువు కాస్త తక్కువది తీసుకోవాలి, 165 బదులు 150 అలా. వేగం ఉంటేనే అది విచ్చుకుంటుంది.

కాలర్: రాగి చెంబులో నీళ్ళు తాగమన్నట్టే ఉంది. చెప్తాలే బాబూ.

యాంకర్: ఫ్రిస్కో ఆయన మళ్ళీ లైన్లోకి వచ్చారు. చివరి కాల్.

కాలర్ (ఫ్రిస్కో): మాస్టారూ, గొట్టం మీద ‘.300 విన్ మ్యాగ్’ అని ఉంది. డబ్బా మీద ‘.300 డబ్ల్యూఎస్ఎం’ అని ఉంది. రెండూ వించెస్టర్ మ్యాగ్నమే కదా?

మాస్టారు: (నవ్వు) ఈ పూట అన్నీ మూడొందలే వచ్చాయి. ఎస్ అంటే షార్ట్. పొట్టిది, లావుది. అర్వింగ్ ఆయన చెప్పిన బ్లాక్‌అవుట్, మీ ఈ రెండూ, మూడింటి బుల్లెట్ వెడల్పూ ఒకటే, ఇత్తడి తొడుగులు మాత్రం దేనికదే. మీ రైఫిల్‌లోకి అది దిగదు, దిగట్లేదని బలవంతంగా తొయ్యకండి. షాపువాడిని ఏమని అడిగారు?

కాలర్: త్రీ హండ్రెడ్ మ్యాగ్నమ్ అన్నాను.

మాస్టారు: వాడు ఇచ్చాడు. వెనక్కి తీసుకుంటాడా?

కాలర్: అమ్మిన తూటాలు వాపసు తీసుకోబడవని బిల్లు మీదే రాసుంది. రెండు డబ్బాలు కొన్నాను.

యాంకర్: ఎవరి దగ్గరైనా .300 డబ్ల్యూఎస్ఎం ఉంటే స్టూడియోకి ఫోన్ చెయ్యండి, ఫ్రిస్కో ఆయన దగ్గర రెండు డబ్బాలున్నాయి. విప్పలేదు కూడా.