మూడు వేషాలు కట్టిన గోడ

శ్రోతలకు నమస్కారం.

పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ దగ్గరి ఫిల్మ్‌సిటీ చూడ్డానికి వెళ్లినప్పుడు, మా చిన్నవాడు ఓ పెద్ద రాతి స్తంభాన్ని వేళ్లతో కొట్టి చూశాడు. డబడబా మోగింది. "నాన్నా, ఇది డొల్ల!" అన్నాడు, ఏదో దొంగతనం పట్టుకున్నవాడిలా. వెనక్కి వెళ్లి చూశాం. ప్లైవుడ్డు, బాదులు, మేకులు. ముందు నుంచి చూస్తే రాజమహల్, వెనక నుంచి చూస్తే గొడ్ల కొట్టం.

మన సినిమావాళ్లు 'సెట్ వేశారు' అంటారు. ఇల్లయితే కడతాం, పందిరయితే వేస్తాం. ఇది పందిరి జాతి అని ఆ మాటలోనే తెలిసిపోతోంది. షూటింగ్ అయిందా, పీకేయాలి. కానీ కొన్ని పందిళ్లు మాత్రం ఒక సినిమాతో పోకుండా, వేషం మార్చుకుంటూ ఏళ్ల తరబడి నిలబడ్డాయి. అలాంటి ఒక చోటు గురించే ఇవాళ చెబుతాను.

అమెరికాలో స్టూడియోల వెనక ఖాళీ స్థలాల్లో వీధులకు వీధులు వేసి ఉంచేవారు. వాటిని బ్యాక్‌లాట్ అంటారు. పారిస్ సందు కావాలన్నా, కౌబాయ్ ఊరు కావాలన్నా పెరట్లోకి నడిచి వెళ్తే చాలు. యూనిట్‌ని ఎక్కడికో తరలించే ఖర్చు లేదు, పైన ఎండకు లోటు లేదు. 1915లో యూనివర్సల్ సిటీ అనే స్టూడియో తెరిచిన కార్ల్ లెమ్లీ అయితే 25 సెంట్లు తీసుకుని జనానికి షూటింగులు కూడా చూపించాడు. సినిమాకు మాటలు వచ్చాక ఆ ముచ్చట ఆగిపోయింది. మైకు ముందు జనం గోల ఎవరు భరిస్తారు!

నేను చెప్పబోయే స్థలం లాస్ ఏంజెలస్ పక్కన కల్వర్ సిటీలో ఉండేది. పేరు 'ఫార్టీ ఏకర్స్', అంటే నలభై ఎకరాలు. కొలిస్తే ముప్పై కూడా లేవు! సినిమావాళ్ల లెక్కలు ఎక్కడైనా అంతే.

1926లో దర్శకుడు సెసిల్ బి. డిమిల్ దాన్ని లీజుకు తీసుకుని, క్రీస్తు కథతో తీసిన 'ది కింగ్ ఆఫ్ కింగ్స్' కోసం జెరూసలేం దేవాలయం సెట్ వేయించాడు. సినిమా 1927లో వచ్చింది. సెట్‌ని మాత్రం పీకలేదు. 1933 నాటి 'కింగ్ కాంగ్'లో, రాక్షసుడంత కోతి ఊరి మీద పడకుండా అడ్డంగా ఒక మహా గోడ ఉంటుంది చూశారా, అందులో ఈ దేవాలయం సెట్టే దాక్కుని ఉంది. దానికే ఒక పెద్ద ద్వారం తగిలించి, అడవి మనుషుల కోటలా అలంకరించారు. నిన్నటి గుడి గోడ ఇవాళ కోతికి అడ్డుగోడ అయింది.

మూడో వేషం కట్టించింది నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్. 'గాన్ విత్ ద విండ్' సినిమా కథ అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో నడుస్తుంది. దానికి అట్లాంటా వీధులు, కథానాయిక ఇల్లు 'టారా' అక్కడే వేయాలి. స్థలం నిండా పాత సెట్లే. పీకించాలంటే ఖర్చు. కథలోనేమో అట్లాంటా నగరం తగలబడే సీన్ ఉంది. ఇంకేం, పాత సెట్లకు కాస్త ముఖం మార్చి, అట్లాంటా అని చెప్పి కాల్చేద్దామన్నారు! ఒక దెబ్బకు రెండు పిట్టలంటే ఇదే.

1938 డిసెంబర్ 10 రాత్రి నిప్పు పెట్టారు. మంటను పెంచడానికి, తగ్గించడానికి పైపులు వేసి ఇంధనం పంపారు. రంగుల సినిమా తీసే ఏడు టెక్నికలర్ కెమెరాలు పెట్టారు. ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించండి. కాలిపోయిన గోడకి రీటేక్ ఉండదు కదా. అసలు తమాషా ఏమిటంటే, అప్పటికి హీరోయినే ఖరారు కాలేదు. మంటల పక్కనుంచి హీరో హీరోయిన్లు పారిపోయే బండిలో వెళ్లింది డూపులు. ఆ రాత్రి సెల్జ్‌నిక్ అన్నగారు ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చి, ఇదిగో నీ హీరోయిన్ అని చూపించాడట. ఆమే వివియన్ లీ.

ఖాళీ అయిన చోట టారా లేచింది. జార్జియా నేల ఎర్రగా ఉండాలి కాబట్టి ఇటుక పొడి చల్లారు. అంత గొప్ప ఇల్లూ ఒట్టి ముఖమే. లోపల గదులు లేవు.

తర్వాత టీవీ రోజులొచ్చాయి. 1957 చివర్లో ఆ స్థలం టీవీ నటి లూసిల్ బాల్ దంపతుల కంపెనీ చేతికొచ్చింది. 1960 నుంచి, 'ఆండీ గ్రిఫిత్ షో' అనే టీవీ కామెడీలో మేబెరీ అనే చల్లని పల్లెటూరు ఇదే. అందులో ఫ్లాయిడ్ మంగలి దుకాణం ప్రతి అమెరికన్‌కీ తెలుసు. 1967లో 'స్టార్ ట్రెక్' అనే అంతరిక్ష సీరియల్ కథ ఒకటి 1930 నాటి న్యూయార్క్‌లో నడుస్తుంది. అందులో హీరో ఒక అమ్మాయితో మాట్లాడుతూ రాత్రి వీధిలో వెళ్తుంటే, వెనక ఆ మంగలి దుకాణం బోర్డు అలాగే కనిపిస్తుంది. దాన్ని తీసేయడం ఎవరో మర్చిపోయారు! అభిమానులకు ఇప్పటికీ అదో పండగ. మన పాత సినిమాల్లోనూ ఒకే మెట్ల హాలు ఓసారి జమీందారు గారిది, మరోసారి విలన్‌ది అయ్యేది కదా. కనిపెట్టిన ప్రేక్షకుడికి ఎంత గర్వమో!

మెల్లగా యూనిట్లు నిజమైన వీధుల్లోకే వెళ్లడం మొదలుపెట్టాయి. భూమి ధర పెరిగింది. మద్రాసులో మన వాహినీ స్టూడియో స్థలంలో ఆసుపత్రి, మాల్ లేచినట్టే అక్కడా జరిగింది. 1976లో ఫార్టీ ఏకర్స్‌ని నేలమట్టం చేశారు. ఇప్పుడక్కడ వ్యాపార భవనాలున్నాయి.

టారా అంతకుముందే, 1959లో, ముక్కలుగా విప్పబడి జార్జియాకు చేరింది. దాని ముందు తలుపును, ఆ నవల రాసిన మార్గరెట్ మిచెల్ అట్లాంటాలో ఉన్న ఇంట్లో సందర్శకుల కోసం పెట్టారు. కల్వర్ సిటీలో ఉన్నన్నాళ్లూ ఆ తలుపు తీస్తే లోపల కనిపించింది బాదులూ, మేకులే.

నమస్కారం.