గాలికి ఎదురు నడిచే కుక్క

శ్రోతలందరికీ నమస్కారం.

ఏడాదిగా నేనొక నవల రాస్తున్నాను. గిద్దలూరు దగ్గర సొంత పల్లెకు రిటైరై వచ్చిన ఒక హవల్దారు, కాశ్మీరులో ఆయనతో పనిచేసిన కుక్క, ఈ ఇద్దరి కథ అది. కొత్తపట్నం తీరంలో సరుగుడు తోపుల్లోకి అర్ధరాత్రి డ్రోన్లు వస్తుంటాయి. పేలుడు పదార్థాల పొట్లాలు దించి వెళ్తుంటాయి. ఎవరో వాటిని ఇసుకలో పాతిపెడుతున్నారు. అవి ఎక్కడున్నాయో వీళ్లిద్దరూ కనిపెట్టాలి. టెక్నో థ్రిల్లర్ అంటారే, ఆ రకం కథ.

మొదట్లో నాకు టెక్నాలజీ మీదే మోజు. 2025 జనవరి 15న పుణెలో ఆర్మీ డే పరేడ్‌లో నాలుగు కాళ్ల రోబోలు కవాతు చేశాయి. అవి చూశాక అసలు కుక్క ఎందుకు, రోబోనే పెడదామా అని కూడా అనుకున్నాను. అది బరువు మోస్తుంది, మెట్లెక్కుతుంది, కెమెరాతో చూస్తుంది. కానీ నా కథలో వెతకాల్సింది కంటికి కనపడేది కాదు.

మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50, 60 లక్షలు. కుక్కకు జాతిని బట్టి 20 నుంచి 30 కోట్ల దాకా ఉంటాయంటారు. కుక్క ముక్కుకు రెండు పక్కలా సన్నటి చీలికలు మీరు చూసే ఉంటారు. వదిలే గాలి ఆ పక్కల నుంచి పోతుంది కాబట్టి ఎదుటి వాసన చెదిరిపోదు. పేలుడు పదార్థాలు వెతికే కుక్కకు నేర్పే పద్ధతి నాకు ఇంకా ఇష్టం. వాసన దొరికితే అది అరవకూడదు, కాలితో తవ్వకూడదు. చప్పుడు లేకుండా అక్కడే కూర్చోవాలి. థ్రిల్లర్ రాసేవాడికి అంతకంటే టెన్షన్ పెట్టే క్షణం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి!

అలాగని కుక్క మంత్రదండం కాదు. మన ఎండల సంగతి మీకు తెలుసు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పి ఒళ్లు చల్లబరుచుకుంటుంది. రొప్పేటప్పుడు వాసన పట్టే పని మందగిస్తుంది. అందుకే నా హవల్దారు పగలు వదిలేసి రాత్రిపూట వెతుకుతాడు. వెతికీ వెతికీ ఓడిపోతాడు. మూడు రాత్రులు ఏమీ దొరకదు.

కారణం గాలి. కుక్కను గాలికి ఎదురుగా నడిపించాలి. అప్పుడే వాసన దాని దగ్గరికి వస్తుంది. హవల్దారుకు ఇది తెలియక కాదు. కానీ ఆయన మెట్ట ప్రాంతం మనిషి, సముద్రం గాలి తీరు తెలియదు. తోపులో తిరుగుతుంటే ఏ చెట్టు ఆకు ఎటు ఊగుతుందో చీకట్లో అంతు పట్టదు. చేపలు పట్టే ఒక పట్టపాయన చెబుతాడు: “మిలిటరీ అన్నా, మధ్యాహ్నం గాలి సముద్రంలోంచి ఒడ్డుకొస్తది. రాత్రయితే నేల మీంచి సముద్రంలోకి పోద్ది. నువ్వు ఊరివైపు నుంచి వస్తా గాలికి వీపు పెట్టి నడుస్తన్నావు. దానికి వాసన ఎట్టొస్తది?”

నాలుగో రాత్రి ఆ పట్టపాయన పడవలోనే కుక్కను ఎక్కించుకుని సముద్రం వైపు నుంచి ఒడ్డుకు వస్తారు. శత్రువు దగ్గరున్న జామర్ హవల్దారు జీపీఎస్‌ను పడగొట్టగలదు. నేల గాలిని ఆపలేదు. అలలు దాటి ఇసుక మీద అడుగుపెట్టగానే కుక్క తల పైకెత్తుతుంది. ఈ అధ్యాయం నేను ఐదుసార్లు రాశాను.

ఇంతదాకా చెప్పింది కథ. దీని వెనక నిజంగా బతికిన కుక్కలున్నాయి. 2022 అక్టోబరులో అనంతనాగ్ జిల్లాలో ఉగ్రవాదులు దాక్కున్న ఇంట్లోకి జూమ్ అనే కుక్కను పంపారు. రెండు తూటాలు తగిలినా అది పని వదల్లేదు. 13వ తేదీన శ్రీనగర్‌లో ప్రాణం విడిచింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో రాజౌరీలో కెంట్ అనే ఆడ లాబ్రడార్ తన హ్యాండ్లర్‌ను, అంటే తనను నడిపించే సైనికుణ్ని, కాపాడుతూ చనిపోయింది. ఇవి చదివినప్పటి నుంచి, నా కుక్కతో గాల్లోకి ఎగిరి తుపాకీ లాక్కునే విన్యాసాలు చేయించడానికి నాకు మనసు రాలేదు.

ఇంకో సంగతి నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. 2015 దాకా మన సైన్యంలో పనికి రాని వయసు వచ్చిన కుక్కలకు ఎక్కువగా దయామరణమే ఇచ్చేవారు. సమాచార హక్కు ద్వారా అది బయటికొచ్చి జనం బాధపడ్డాక విధానం మారింది. ఇప్పుడు రిటైరైన కుక్కలను దత్తత ఇస్తున్నారు. ఆ మార్పే లేకపోతే నా నవలే లేదు. అందుకే నా కుక్కకు తొమ్మిదేళ్లు. వెనక కాళ్లు పట్టేస్తుంటాయి. ముక్కు మాత్రం ముక్కే.

ఈ వారం మొదటి అధ్యాయం తిరగరాస్తున్నాను. హవల్దారు ముందుగా రిటైరయ్యాడు, కుక్క రెండేళ్లు వేరే హ్యాండ్లర్ దగ్గర పనిచేసింది. దాన్ని తెచ్చుకోవడానికి ఆయన సైనిక కుక్కలకు శిక్షణ ఇచ్చే మీరట్ దాకా వెళ్తాడు. తిరుగు ప్రయాణంలో కుక్కను పక్కన కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ క్లాసులో కూపే అనే చిన్న గది మొత్తం తీసుకోవాలి. పెన్షన్ మనిషి, అంత డబ్బు లేదు. గార్డు పెట్టెలో కుక్కల కోసం ఉండే బాక్సులో దాన్ని ఎక్కించి, తను జనరల్ బోగీ ఎక్కుతాడు. బండి ఎక్కడ ఆగినా సరే, చేతిలో నీళ్ల సీసాతో ప్లాట్‌ఫారం మీద వెనక్కి పరుగెత్తుతుంటాడు. చీరాల దాటేసరికి ఆయన అడుగుల చప్పుడు వినగానే లోపల తోక బాక్సుకు టపటపా కొట్టుకోవడం గార్డుకు కూడా అలవాటైపోయింది.