వేపాకు సారం నుంచి మోదుగ గింజల దాకా: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: మొక్కల సారాలు బ్యాక్టీరియా మీద, నట్టల (కడుపులో పురుగుల) మీద పనిచేస్తాయా లేదా ఎలా తేల్చాలో ఇవాళ మాట్లాడుకుందాం. స్టూడియోలో మైక్రోబయాలజీ నిపుణురాలు ఉన్నారు. హలో, చెప్పండి.

శ్రోత (వరంగల్): నమస్తే మేడమ్, ఎమ్మెస్సీ చదువుతున్నాను. అగర్ (జెల్లీ) ప్లేటులో స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా మీద వేపాకు సారం గుంటలో పోస్తే, చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం 14 మి.మీ. వచ్చింది, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ బిళ్లకి 20. అంటే మందులో 70 శాతం పనిచేసినట్టేనా?

నిపుణురాలు: గుంటలో ఎంత పోశావమ్మా?

శ్రోత: మి.లీ.కి 100 మి.గ్రా. ఉన్నది, 50 మైక్రోలీటర్లు.

నిపుణురాలు: అంటే 5 మి.గ్రా. సారం. జెంటామైసిన్ బిళ్లలో ఉండేది 10 మైక్రోగ్రాములే. నువ్వు 500 రెట్లు ఎక్కువ పోసి వలయాలు పోలుస్తున్నావు. పైగా నూనె స్వభావం ఉన్న పదార్థాలు అగర్‌లో పాకవు. మంచి సారమైనా చిన్న వలయమే చూపిస్తుంది. వలయం తొలి వడపోతకు పనికొస్తుంది, అంతవరకే. ఆ తర్వాత ఎంఐసీ, అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మోతాదు, కట్టాల్సిందే.

శ్రోత: అదెలా కట్టాలి మేడమ్?

నిపుణురాలు: డీఎంఎస్‌వో అనే ద్రావకంలో మి.లీ.కి 100 మి.గ్రా. కలిపిన సారంలోంచి 40 మైక్రోలీటర్లు తీసి 960 మైక్రోలీటర్ల ముల్లర్-హింటన్ బ్రాత్‌లో (బ్యాక్టీరియా పెంచే ద్రవంలో) వెయ్యి. 96 గుంటల ప్లేటులో ప్రతి గుంటలో 100 మైక్రోలీటర్ల బ్రాత్ పోసుకో. మొదటి గుంటలో ఈ సారం 100 కలిపి, అందులోంచి 100 తీసి పక్కదానిలో, అలా చివరిదాకా. చివరి గుంటలోంచి తీసిన 100 పారబొయ్యి. బ్యాక్టీరియా ద్రవాన్ని 0.5 మెక్‌ఫార్లాండ్ అనే ప్రామాణిక మసకకి తెచ్చి, 150 రెట్లు పలుచన చేసి తలా 100 వెయ్యి. మొదటి గుంటలో సారం మి.లీ.కి 1000 మైక్రోగ్రాములు, డీఎంఎస్‌వో 1 శాతం అవుతాయి. 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 20 గంటలు ఉంచు.

ఆకుపచ్చ సారాల్లో మసక కంటికి ఆనదు. అందుకే రెసాజురిన్ అనే రంగు 0.015 శాతానిది 30 మైక్రోలీటర్లు వేస్తాం, బ్యాక్టీరియా బతికున్నచోట నీలం గులాబీ అవుతుంది. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పాలీఫినాల్స్ అనే మొక్కల రసాయనాలు ఎక్కువున్న సారం బ్యాక్టీరియా లేకుండానే రంగు మార్చేస్తుంది. సారం మాత్రమే ఉన్న గుంటలు, డీఎంఎస్‌వో మాత్రమే వేసిన గుంటలు పక్కన లేకపోతే ఆ ప్లేటుని నేను నమ్మను. ముడి సారానికి ఎంఐసీ మి.లీ.కి 100 మైక్రోగ్రాముల లోపు వస్తే ముందుకెళ్లు, 1000 దాటితే వదిలెయ్యి.

యాంకర్: గుంటూరు నుంచి ఫార్మసీ విద్యార్థి లైన్లో ఉన్నారు.

శ్రోత (గుంటూరు): మేడమ్, నట్టల పరీక్షకి వానపాములు వాడుతున్నాం. పక్షవాతం, చావు ఎన్ని నిమిషాల్లో వచ్చాయో రాస్తున్నాం.

నిపుణురాలు: చవగ్గా అయిపోతుందని అందరూ అదే చేస్తారు. వానపాము చర్మంతో గాలి పీలుస్తుంది. కుంకుడు లాంటి నురగనిచ్చే సపోనిన్లున్నా, పులుపు ఎక్కువైనా చస్తుంది. దానిమీద నెగ్గితే నట్టల మందు అయిపోదు. గొర్రె నట్ట హెమాంకస్ గుడ్లతో చెయ్యి బాబూ. అప్పుడే వేసిన పెంటికలు తెచ్చుకో, గుడ్లు పొదగడం మొదలుపెడితే పనికిరావు. కడిగి జల్లెళ్లతో గుడ్లు వేరుచేసి గుంటకి వంద చొప్పున వెయ్యి. 27 డిగ్రీల దగ్గర 48 గంటలయ్యాక ఒక చుక్క లుగాల్ అయోడిన్ ద్రావణం వేసి పొదగని గుడ్లు, బయటికొచ్చిన పిల్ల పురుగులు విడివిడిగా లెక్కపెట్టు. మందు లేని గుంటలోనే ఎక్కువ భాగం పొదగకపోతే ఆ రోజు పని వృథా. సారంలో టానిన్ (వగరు పదార్థం) ఎక్కువుంటే, దాన్ని పట్టేసే పీవీపీపీ పొడి కలిపి ఇంకోసారి చెయ్యి. ప్రభావం పోతే అది టానిన్ పనే.

యాంకర్: మహబూబ్‌నగర్ నుంచి గొర్రెల కాపరి.

శ్రోత (మహబూబ్‌నగర్): అమ్మా, మోదుగ గింజలు దంచి తాపుదామనుకుంటున్న. ఎంత పోయాలె?

నిపుణురాలు: కొలత చెప్పలేనన్నా. ఆ గింజల్లో నట్టల మీద పనిచేసే పాలాసోనిన్ ఉన్నమాట నిజమే. కానీ అది చర్మానికి బొబ్బలెక్కించే కాంథరిడిన్‌కి దగ్గరి రసాయనం, దంచిన పొడిలో ఎంతుందో తెలీదు. ముందు పది, పదిహేను గొర్రెల పెంటికలు, నేల మీదివి కాకుండా వెనక నుంచే తీసి, విడివిడి కవర్లలో పశువుల ఆసుపత్రిలో ఇవ్వండి. గ్రాముకి ఎన్ని గుడ్లున్నాయో చెప్తారు. డాక్టర్ రాసిన మందుని గొర్రె తూకాన్ని బట్టి తాపండి, కంటి అంచనాతో తక్కువ పోస్తే నట్టలు మందుకి లొంగకుండా పోతాయి. 14 రోజులకి మళ్లీ అవే గొర్రెల పెంటికలు ఇవ్వండి. ఆల్బెండజోల్ అనే నట్టల మందు తాపితే గుడ్లు 95 శాతం తగ్గాలి, తగ్గకపోతే వేరే రకం మందు రాయమని డాక్టర్‌ని అడగండి.

శ్రోత: కండ్ల లోపల రెప్ప తెల్లబడ్డవి రెండున్నయి.

నిపుణురాలు: వాటికి ఆగొద్దన్నా, ఇవాళే చూపించండి. రక్తం తాగే హెమాంకస్ కావచ్చు.