లావెండర్ హిల్ దొంగలు

సభకు నమస్కారం.

దొంగతనం కథను హాస్యంగా చెప్పడంలో బ్రిటిష్ సినిమాకు ఒక ప్రత్యేకమైన ఒడుపు ఉంది. అది తెలియాలంటే లండన్‌లోని ఈలింగ్ స్టూడియో 1951లో తీసిన ‘ది లావెండర్ హిల్ మాబ్’ చూడాలి. చార్లెస్ క్రైటన్ దర్శకత్వం వహించిన, గంటన్నర కూడా నిండని ఈ చిత్రంలో నవ్వించడానికి పైనుంచి అతికించిన సన్నివేశాలు దాదాపు లేవు. నవ్వంతా కథలోని చిక్కులోంచే పుడుతుంది.

అలెక్ గిన్నిస్ పోషించిన హాలండ్ ఒక బ్యాంకు గుమాస్తా. బంగారు కడ్డీల వ్యాను వెంట ఏళ్ల తరబడి కాపలాగా వెళ్తున్నవాడు. వెనుక ఏ కారు కనిపించినా అనుమానపడే అతని చాదస్తం చూసి, పై అధికారులు అతని నిజాయితీని ఎంత నమ్ముతారో, అతని తెలివిని అంత తక్కువగా అంచనా వేస్తారు. కడ్డీలను కాజేసే ఉపాయం అతని దగ్గర ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. వాటిని సొమ్ము చేసుకోవడమే తెలియదు. యుద్ధం ముగిసి ఆరేళ్లయినా రేషన్ తొలగని ఆనాటి బ్రిటన్‌లో అంత బంగారం అమ్ముడుపోదు. ఎవరి కంటా పడకుండా దేశం దాటించాలి.

ఆ సమయంలో అతని వసతిగృహంలోకి పెండిల్‌బరీ అనే వ్యాపారి దిగుతాడు. స్టాన్లీ హాలోవే ధరించిన ఈ పాత్రకు పర్యాటకుల కోసం జ్ఞాపికలు పోతపోసే కార్ఖానా ఉంది. అక్కడ తయారైన ఈఫిల్ టవర్ బొమ్మలు పారిస్‌కు వెళ్తాయి. ఇద్దరూ ఒకరి నిజాయితీని ఒకరు మెచ్చుకుంటూనే, బంగారంతో ఆ బొమ్మలు చేయవచ్చన్న ఆలోచనను మెల్లమెల్లగా బయటపెట్టుకునే సంభాషణను నేను ఎన్నిసార్లయినా చూడగలను. ఇక తమకు తోడుగా అసలైన దొంగలను రప్పించుకోవడానికి, జనం మధ్య నిలబడి తమ కార్ఖానా ఇనప్పెట్టె తాళం చెడిపోయిందని గట్టిగా మాట్లాడుకుంటారు!

ఈఫిల్ టవర్ సన్నివేశం గురించి కాస్త ఎక్కువ చెప్పక తప్పదు. పొరపాటున ఆరు బంగారు బొమ్మలు ఇంగ్లీషు బడిపిల్లలకు అమ్ముడుపోతాయి. పిల్లలు లిఫ్టులో దిగిపోతుంటే వీరిద్దరూ మెలికల మెట్ల మీదుగా పరుగెత్తుతారు. తిరిగి తిరిగి కళ్లు తిరుగుతాయి, కెమెరా కూడా వారితో గిర్రున తిరుగుతుంది, సర్వస్వం పోతున్న ఆ క్షణంలో ఇద్దరూ ఆపుకోలేక నవ్వుతారు. జీవితమంతా ఒద్దికగా బతికిన మనుషులకు మొదటిసారి దొరికిన స్వేచ్ఛ ఆ నవ్వులో వినిపిస్తుంది; అందుకే వారు నేరస్థులని తెలిసీ మనం వారి పక్షాన నిలుస్తాం.

చివరనున్న పోలీసు కార్ల ఛేజ్ మాత్రం కొంచెం సాగినట్టు ఉంటుంది. అయినా కథ పునాది చెక్కుచెదరదు. దోపిడీ పద్ధతి నమ్మదగినదిగా ఉండాలని రచయిత టి.ఇ.బి. క్లార్క్ నేరుగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌నే సలహా అడిగాడు, వారూ ఇచ్చారు. ఆ రచనకే ఆయనకు ఆస్కార్ దక్కింది.

క్రైటన్ డెబ్బై ఏళ్లు దాటాక, 1988లో ‘ఎ ఫిష్ కాల్డ్ వాండా’తో మళ్లీ దోపిడీ హాస్యానికే వచ్చి, ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ నామినేషన్ పొందాడు. అందులోనూ కొల్లగొట్టడం తొలి భాగంలోనే ముగిసిపోతుంది. నగలు ఎక్కడ దాచారన్నదే మిగిలిన కథను నడిపిస్తుంది.