పిచ్ సభకు ఎందుకు వెళ్ళాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

కొత్తగా కంపెనీ పెట్టినవాళ్ళు తమ ఆలోచనను పెట్టుబడిదారుల ముందు కొద్ది నిమిషాల్లో చెప్పుకునే సభలు ప్రపంచమంతా జరుగుతున్నాయి. వాటినే స్టార్టప్ పిచ్ ఈవెంట్లు అంటున్నాం. అలాంటి సభకు మొదటిసారి వెళ్ళబోతున్నవాళ్ళతో ఈ కాసేపు మాట్లాడాలని ఉంది. మీరు పిచ్ చెప్పబోతూ ఉండొచ్చు, లేదా వెళ్ళి నలుగురితో పరిచయం చేసుకుందామని అనుకుంటూ ఉండొచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అక్కడికి చెక్కు కోసం వెళ్ళకండి, ప్రశ్నల కోసం వెళ్ళండి. మూడు నిమిషాలు విని డబ్బిచ్చేవాళ్ళు దాదాపు ఉండరు. పెట్టుబడి పెట్టాలనుకున్న మనిషి మీ లెక్కలు చూస్తాడు, మీ కస్టమర్లతో మాట్లాడతాడు, కాగితాలు లాయరుకు చూపిస్తాడు. దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కానీ మీ వ్యాపారం గురించి మీకెప్పుడూ తట్టని ప్రశ్న, ఏ మొహమాటమూ లేని మనిషి నోట వినాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. ఇంట్లోవాళ్ళు, స్నేహితులు మన మనసు నొప్పించలేక బాగుందనేస్తారు. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళకు ఆ అవసరం లేదు.

ఈ సభలకు ఇప్పుడున్న రూపం అమెరికాలో వచ్చింది. 2005లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్‌లో పాల్ గ్రాహం, జెస్సికా లివింగ్‌స్టన్, మరో ఇద్దరు కలిసి వై కాంబినేటర్ మొదలుపెట్టారు. చిన్న బృందాలకు కొద్దిపాటి పెట్టుబడి ఇచ్చి, సుమారు మూడు నెలలు వెంట ఉండి పని చేయించి, చివర్లో అందరినీ ఇన్వెస్టర్ల ముందు నిలబెట్టేవారు. దానికి డెమో డే అని పేరు. 2007లో కొలరాడోలోని బౌల్డర్‌లో స్టార్టప్ వీకెండ్ పుట్టింది. శుక్రవారం సాయంత్రం ఎవరైనా లేచి ఒక్క నిమిషంలో ఆలోచన చెప్పొచ్చు. నచ్చినవాళ్ళు బృందంగా కూడి, ఆదివారం సాయంత్రానికి ఏదో ఒకటి తయారుచేసి చూపించాలి. ఇవాళ జరిగే చాలా సభల్లో వీటి పోలికలు కనిపిస్తాయి. ఒక్కొక్కరికి మూడు నుంచి ఐదు నిమిషాలు, ఎదురుగా గడియారం, ఆ తర్వాత జడ్జీల ప్రశ్నలు, అది కూడా అయ్యాక టీ తాగుతూ పరిచయాలు.

ఆ మూడు నిమిషాల్లో ఏం చెప్పాలన్నది అందరూ చెప్పేదే, కాబట్టి త్వరగా దాటేస్తాను. ఇబ్బంది ఎవరిది, ఇప్పుడు వాళ్ళు దాన్ని ఎలా నెట్టుకొస్తున్నారు, మీరు ఏం చేస్తారు, అది పనిచేస్తోందనడానికి రుజువేమిటి, ఇప్పుడు మీకు ఏం కావాలి. ఇంతే. యాపిల్‌లో పనిచేసిన గై కవాసాకి చెప్పిన లెక్క ఒకటి ప్రసిద్ధం: పది స్లైడ్లు, ఇరవై నిమిషాలు, 30 పాయింట్లకు తగ్గని అక్షరాలు. పిచ్ సభలో ఇరవై నిమిషాలు ఎవరూ ఇవ్వరు గానీ, అక్షరాల సైజు గురించిన మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. వెనక వరసలో కూర్చున్న మనిషి చదవలేని స్లైడ్ ఉన్నా లేనట్టే. మెయిల్లో పంపిన డెక్‌ను, అంటే ఆ స్లైడ్ల కట్టను కూడా ఎవరూ తీరిగ్గా చదవరు. డాక్‌సెండ్ అనే సంస్థ 2015లో రెండు వందల స్టార్టప్‌ల డెక్‌లను పరిశీలిస్తే, ఇన్వెస్టర్లు ఒక్కోదాని మీద సగటున 3 నిమిషాల 44 సెకన్లు పెట్టారని తేలింది.

ఒక్క విషయం దగ్గర మాత్రం ఆగుతాను. మార్కెట్ సైజు గురించి చెప్పేటప్పుడు చాలామంది ఒక పెద్ద అంకె తెచ్చి, "ఇందులో ఒక్క శాతం మాకొచ్చినా చాలు" అంటారు. ఈ మాట వినగానే ముందు వరసలో ఆసక్తి చచ్చిపోవడం నేను చూశాను. ఆ ఒక్క శాతం ఎవరు, వాళ్ళ దగ్గరికి ఎలా చేరతారు అన్నదే అసలు విషయం, అది వదిలేశారు కాబట్టి. దానికి బదులు కిందినుంచి లెక్క కట్టండి. మీరు చేరుకోగల కస్టమర్లు ఎందరు, ఒక్కొక్కరు ఏడాదికి ఎంత చెల్లిస్తారు, ఒకరిని తెచ్చుకోవడానికి మీకయ్యే ఖర్చెంత. అంకె చిన్నదైనా పర్లేదు, అది మీరు చేతులతో కట్టిన లెక్కని తెలిసిపోతుంది. అలాగే ఉచితంగా పేరు నమోదు చేసుకున్నవాళ్ళనూ, డబ్బు కట్టినవాళ్ళనూ ఒకే అంకెలో కలపొద్దు. అడిగితే ఎలాగూ విడదీయాల్సి వస్తుంది. అప్పుడు పోయేది నమ్మకం.

ఇక నేను మనసు పెట్టి చెప్పాలనుకున్న భాగానికి వస్తాను. ప్రశ్నలు.

డానా కాంజే అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు టెక్‌క్రంచ్ డిస్‌రప్ట్ అనే పెద్ద పిచ్ పోటీలో, న్యూయార్క్‌లో 2010 నుంచి 2016 వరకు జరిగిన ప్రశ్నోత్తరాలను పరిశీలించారు. మగ ఫౌండర్లను, అంటే కంపెనీ పెట్టిన మగవాళ్ళను, అడిగిన ప్రశ్నల్లో 67 శాతం ఎదుగుదల గురించి ఉన్నాయి. ఎంతమందిని చేరతారు, ఎంత పెద్దదవుతుంది, ఇలాంటివి. ఆడవాళ్ళను అడిగిన ప్రశ్నల్లో 66 శాతం నష్టం గురించి ఉన్నాయి. ఉన్న కస్టమర్లను ఎలా నిలుపుకుంటారు, పెట్టిన డబ్బు ఎప్పటికి తిరిగొస్తుంది, పోటీ వస్తే ఏం చేస్తారు, ఇలా. అడిగినవాళ్ళలో మగవాళ్ళూ ఉన్నారు, ఆడవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ ఇదే తీరులో అడిగారు. ఎదుగుదల ప్రశ్నలు ఎక్కువగా ఎదుర్కొన్న కంపెనీలకు ఆ తర్వాత ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టుబడి వచ్చింది.

ఇది అన్యాయం. ఆ మాట మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు. జడ్జీలుగా కూర్చునేవాళ్ళు తమ ప్రశ్నలను ముందే కాగితం మీద రాసుకుని, అందరినీ అవే అడిగితే ఇందులో కొంతైనా తగ్గుతుంది. అది వాళ్ళు చేయాల్సిన పని. అయితే అదే పరిశోధనలో పిచ్ చెప్పేవాళ్ళకు పనికొచ్చే సంగతి కూడా ఉంది. నష్టం గురించి అడిగిన ప్రశ్నకు నష్టం గురించే జవాబు చెప్పి ఆగిపోయినవాళ్ళకంటే, జవాబును ఎదుగుదల వైపు మళ్ళించినవాళ్ళకు ఎక్కువ డబ్బు వచ్చింది. "కస్టమర్లు జారిపోకుండా ఎలా చూసుకుంటారు?" అని అడిగారనుకోండి. ఎంతమంది ఎందుకు వెళ్ళిపోతున్నారో ఒక్క వాక్యంలో నిజం చెప్పి, ఉండిపోయినవాళ్ళు ఎందుకు ఉంటున్నారో, అలాంటివాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో చెప్పండి. ప్రశ్నను తప్పించుకోకూడదు, దాంట్లోనే ఇరుక్కుపోనూ కూడదు.

తెలియని ప్రశ్న వస్తే తెలియదనే చెప్పండి. "ఈ లెక్క నా దగ్గర లేదు, శుక్రవారంలోగా కనుక్కుని మీకు రాస్తాను" అంటే ఎవరూ చిన్నచూపు చూడరు. పైగా మళ్ళీ రాయడానికి మీకొక కారణం దొరుకుతుంది. వెంట ఒక మనిషిని తీసుకెళ్ళి ప్రశ్నలన్నీ అడిగినవి అడిగినట్టు రాయించుకోండి. వేదిక మీద ఉన్న టెన్షన్‌లో మీకు సగం కూడా గుర్తుండవు. 

కాదన్న మాటను ఎలా తీసుకోవాలి? 2008లో, ప్రయాణికులకు ఇళ్ళు, గదులు అద్దెకు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ ఫౌండర్లు లక్షా యాభై వేల డాలర్ల కోసం ప్రయత్నించారు. ఒక మిత్రుడు ఏడుగురు ఇన్వెస్టర్లకు పరిచయం చేశాడు. ఐదుగురు కాదని రాశారు, ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ఆ ఫౌండర్లలో ఒకడైన బ్రయాన్ చెస్కీ 2015లో ఆ ఉత్తరాలను బయటపెట్టాడు. మర్యాదగా, పొట్టిగా ఉన్న ఉత్తరాలవి. మార్కెట్ చాలినంత పెద్దది కాదని ఒకరు, మా రంగం కాదని మరొకరు. 2020 డిసెంబరులో ఆ కంపెనీ అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్ట్ అయింది. దీన్నిబట్టి కాదన్నవాళ్ళందరూ పొరపడ్డారనుకుంటే మాత్రం మోసపోతాం. అలా కాదనిపించుకుని నిజంగానే మూతబడ్డ కంపెనీల ఉత్తరాలు ఎవరూ అచ్చు వేయరు. నేను పాటించే పద్ధతి ఒకటుంది. ఒకరికొకరు పరిచయం లేని ముగ్గురు ఒకే ప్రశ్న అడిగితే, లోపం నా వివరణలో ఉందా వ్యాపారంలో ఉందా అని కూర్చుని చూడాల్సిందే. ఒక్కరే అన్న మాటకు వెంటనే దారి మార్చుకోనక్కర్లేదు.

మరో భయం, ఆలోచన ఎవరైనా కొట్టేస్తారేమోనని. విన్నది ఎవరికీ చెప్పబోమనే ఒప్పందం మీద సంతకం పెట్టమని కొందరు ఇన్వెస్టర్లను అడుగుతారు. రోజూ ఎన్నో ఆలోచనలు వినేవాళ్ళు మామూలుగా పెట్టరు. కానీ మీ దగ్గర పేటెంట్ తీసుకోదగ్గ ఆవిష్కరణ ఉంటే నిజంగానే జాగ్రత్త పడాలి. యూరప్‌లో దరఖాస్తు పెట్టకముందే దాన్ని బహిరంగంగా వివరిస్తే మామూలుగా హక్కు పోతుంది. అమెరికాలో ఏడాది గడువు ఉంది. కాబట్టి ముందు దరఖాస్తు, తర్వాత వేదిక. అలాగే పిచ్ చెప్పుకోవడానికి మీ దగ్గరే పెద్ద ఫీజు అడిగి, పెట్టుబడి ఖాయం అనేవాళ్ళను నమ్మొద్దు. ఎవరెవరు వస్తున్నారు, ఇంతకుముందు ఎవరికి డబ్బు దొరికింది అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ సభకు వెళ్ళకండి.

ఇక పరిచయాలు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనొవెటర్ 1973లో ఒక వ్యాసం రాశాడు. బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను అడిగితే, తరచుగా కలిసే మనిషి ద్వారా దొరికిందన్నవాళ్ళు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవారి ద్వారా దొరికిందని 55.6 శాతం చెప్పారు. దగ్గరివాళ్ళకు తెలిసింది చాలావరకు మనకూ తెలుసు, దూరపువాళ్ళ దగ్గరే కొత్త కబురు ఉంటుంది. అందుకే మీ ఆఫీసువాళ్ళతో కలిసి వెళ్ళి, వాళ్ళతోనే నిలబడి, వాళ్ళతోనే తిరిగొస్తే ఆ సాయంత్రం వృథా. ఇద్దరు వెళితే హాల్లో విడిపోండి.

బిడియం ఉన్నవాళ్ళు ఒక పని చేయొచ్చు. అందరికన్నా ముందే వెళ్ళండి. పదిమంది ఉన్న గదిలో ఒకరిని పలకరించడం తేలిక. గుంపులు కట్టేశాక మధ్యలో దూరడం కష్టం. "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే వాళ్ళు బట్టీపట్టిన జవాబే చెబుతారు. "ఈ నెలలో మీకు పెద్ద తలనొప్పి ఏమిటి?" అని అడిగి చూడండి. మాట మొదలవుతుంది, ఆ తలనొప్పికి మందు తెలిసిన మనిషి మీకు తెలిసే ఉండొచ్చు. ఇన్వెస్టర్ల చుట్టూ మూగడం కంటే తోటి ఫౌండర్లతో గడిపిన సమయమే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. ఏ ఇన్వెస్టరు మాట మీద నిలబడతాడో, ఎవరు నెలల తరబడి నానుస్తారో వాళ్ళకు తెలుసు, వెబ్‌సైట్లలో రాసి ఉండదు.

ఇంటికి చేరాక ఆ రాత్రే ఎవరితో ఏం మాట్లాడారో రాసుకోండి. ఒకటి రెండు రోజుల్లో మెయిల్ పంపండి. ఎక్కడ కలిశామో ఒక వాక్యం, వాళ్ళడిగిన ప్రశ్నకు జవాబు, అంతే. ఎవరైనా మిమ్మల్ని ఇంకొకరికి పరిచయం చేస్తానంటే, వాళ్ళు యథాతథంగా ముందుకు పంపగలిగేలా నాలుగు వాక్యాలు మీరే రాసివ్వండి. వాళ్ళకు శ్రమ తగ్గితే పని జరుగుతుంది. ఆసక్తి చూపించి కూడా ఇప్పుడు కాదన్నవాళ్ళను రాయొచ్చా అని అడిగి, నెలకోసారి పొట్టి ఉత్తరం రాస్తూ ఉండండి. పోయిన నెల ఏం చేస్తామన్నాం, ఏం చేశాం, ఏది కుదరలేదు, అమ్మకం ఎంత, చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు వస్తుంది. కుదరనిది కూడా రాయండి. మీ అంకెలు ఏ దిక్కుకు వెళుతున్నాయో ఆరు నెలల ఉత్తరాలు వరసగా చదివిన మనిషికి తెలిసిపోతుంది. రెండో సమావేశం ఇవ్వాలా వద్దా అన్నది అప్పుడు వాళ్ళు తేల్చుకోగలరు.

సెలవు. నమస్కారం.