చీటీ ఇచ్చి పంపేస్తే సరిపోదు

శ్రోతలకు నమస్కారం.

హెచ్‌ఐవీ మందులను మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి సీడీ4 (రక్తంలో రోగనిరోధక కణాల) సంఖ్య ఎంతున్నా సరే, పాజిటివ్ అని తేలిన వాళ్ళందరికీ మందు మొదలుపెట్టాలన్నదే విధానం. చాలామందికి రోజుకు ఒక్క మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డొల్యుటెగ్రావిర్ మూడూ అందులోనే ఉంటాయి. మందు ఉంది. మనిషి మందు దాకా చేరడమే కష్టమవుతోంది.

ఎక్కడ తప్పిపోతున్నారో చూడండి. ఏరియా ఆసుపత్రిలోని ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్షా, కౌన్సెలింగూ జరిగే కేంద్రంలో, మూడు రకాల కిట్లతో పరీక్షించి నిర్ధారిస్తారు. కౌన్సెలర్ రిఫరల్ చీటీ రాసిస్తారు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటరేమో చాలాసార్లు జిల్లా కేంద్రంలో. కూలి మానుకుని, రెండు బస్సులు మారి, మధ్యాహ్నానికి చేరారనుకోండి. రక్తం తీసే వేళ దాటిపోయి ఉంటుంది. ‘రేపు రండి’ అంటారు. ఆ రేపటి కూలి ఎవరిస్తారు? ఇంకొకరు పెద్ద ఓపీ వరుసలో నిలబడతారు. ‘ఎవరికి చూపించుకోవాలి?’ అని కౌంటర్లోంచి గట్టిగా అడుగుతారు. వెనక అంతమంది ఉండగా ఏం చెబుతారు? వెనుదిరిగి వెళ్ళిపోతారు. దాన్ని నిర్లక్ష్యం అనడం అన్యాయం.

అందుకే చీటీ ఇచ్చి పంపేస్తే సరిపోదు. కౌన్సెలర్ పేషెంటు ఎదురుగానే, ఆయన ఒప్పుకున్నాక, ఏఆర్‌టీ సెంటర్‌కు ఫోన్ చేసి రోజు ఖాయం చెయ్యాలి. ఏ గేటు, ఏ గది, ఎన్ని గంటలలోపు, ఎవరిని అడగాలి, ఇవన్నీ చీటీ వెనక రాసివ్వాలి. కుదిరితే అవుట్‌రీచ్ వర్కర్‌ను, అంటే పేషెంట్లను బయట కలిసి సాయపడే కార్యకర్తను, తోడు పంపాలి. తోడు మనిషి ఉంటే ఆ ఓపీ వరుస దాటడం తేలిక.

సెంటర్‌లో బరువు చూస్తారు. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నాయా అని అడుగుతారు. అవి టీబీ కోసం అడిగే ప్రశ్నలు. టీబీ అనుమానం గానీ, మెదడు పొరల వాపు సూచించే తీవ్రమైన తలనొప్పి గానీ ఉంటే ముందు వాటి సంగతి తేల్చాలి. అవేమీ లేకపోతే మందు అదే రోజు, లేదా వారంలోపు మొదలుపెట్టవచ్చు. సీడీ4 రిపోర్టు కోసం ఆగనక్కరలేదు.

ఇక ఫోన్ నంబరు. ఇంట్లో తెలిసిపోతుందన్న భయంతో కొందరు తప్పు నంబరిస్తారు. ఆ భయం నిజమైనదే. కాబట్టి నంబరొక్కటే రాసుకుంటే చాలదు. ఆ ఫోన్ ఎవరి దగ్గరుంటుంది? ఏ వేళలో చెయ్యొచ్చు? వేరేవాళ్ళు ఎత్తితే ఏం చెప్పాలి? ఈ మూడూ అడగాలి. అక్కడే మిస్డ్‌కాల్ ఇచ్చి చూసుకోవాలి. వారంలోగా ఆయన సెంటర్‌కు చేరారో లేదో కనుక్కోవడానికి ఆ నంబరే దారి.

వింటున్న మీలో ఎవరికైనా చీటీ చేతికొచ్చి, అది ఇంట్లోనే ఉండిపోయిందా? ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు, వెళ్ళండి. మీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే 1097కు ఫోన్ చెయ్యండి. డబ్బులు పడవు.