దీపాలదిన్నె మీద లేని స్తూపాన్ని చూపించడం ఎలా?

[తెరపై: అమరావతి మహాచైత్య స్థలం. పచ్చిక, గుండ్రటి పునాది, అక్కడక్కడ నిలబెట్టిన రాళ్లు.]

మహాచైత్యం అని పిలిచే బౌద్ధ మహాస్తూపాన్ని చూద్దామని అమరావతి వెళ్లినవారికి అక్కడ కనిపించేది దాదాపు 50 మీటర్ల అడ్డుకొలత గల ఒక వలయం మాత్రమే. 1797లో బ్రిటిష్ సర్వేయర్ కాలిన్ మెకంజీ, దీపాలదిన్నె అని స్థానికులు పిలిచే ఆ దిబ్బను చూసేనాటికే, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టిస్తున్న కొత్త పట్టణం కోసం అక్కడి ఇటుకలూ రాళ్లూ తరలిపోతున్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు ముందు మద్రాసుకు, 1859లో లండన్‌కు చేరాయి. స్తూపం నిలిచిన చోట శిల్పాలు కొన్నే మిగిలాయి.

[తెరపై: చెన్నై, లండన్, అమరావతి ప్రదర్శనశాలల్లోని ఫలకాలు ఒకదాని పక్కన ఒకటి.]

వారసత్వ పర్యాటకంలో డిజిటల్ పరిశోధన చాలాకాలం ఉన్నదాన్ని నమోదు చేయడం మీదే నడిచింది. లేజర్ కిరణాలతో కట్టడాన్ని కొలవడం, వందల ఫోటోలను కలిపి త్రిమితీయ రూపం తయారుచేయడం అందులో భాగాలు. చైనాలోని దున్‌హువాంగ్ గుహల దగ్గర, సందర్శకుల ఊపిరిలోని తేమ కుడ్యచిత్రాలను దెబ్బతీస్తున్నందున, 2014 నుంచి ముందుగా బయటి కేంద్రంలో సినిమాలు చూపించి, ఆ తరువాతే గుహల్లోకి పంపుతున్నారు. అమరావతి కష్టం దీనికి తలకిందులు: ఇక్కడ జనం నుంచి కాపాడడానికి స్తూపమే లేదు.

అయితే ఇక్కడొక అదృష్టం ఉంది. స్తూపానికి అమర్చిన ఫలకాల మీద శిల్పులు ఆ స్తూపం రూపాన్నే చెక్కారు. ప్రాకారం, ద్వారాల దగ్గరి సింహాలు, నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికల మీద అయిదేసి ఆయక స్తంభాలు, పైన అండం అనే గుమ్మటం అన్నీ వాటిలో కనిపిస్తాయి. మూడు చోట్లున్న రాళ్లను స్కాన్ చేసి, మెకంజీ బృందం గీసిన చిత్రాలతో పోల్చి, ఫోన్ తెర మీద ఆ వలయంపైనే స్తూపాన్ని నిలబెట్టడం ఇప్పటి సాంకేతికతకు అసాధ్యమేమీ కాదు.

[తెరపై: స్తూపం చెక్కిన ఒక ఫలకం, దగ్గరగా.]

చిక్కంతా ఎత్తు దగ్గరే వస్తుంది. అడ్డుకొలతను నేల చెబుతుంది గాని, ఎత్తును చెప్పేది ఫలకమే; నిలువు రాతిలో ఇమడడానికి శిల్పి స్తూపాన్ని సన్నగా, పొడవుగా చెక్కి ఉండవచ్చు. అందుకే పండితులు గీసిన పునర్నిర్మాణ చిత్రాలు ఒకదానితో ఒకటి ఏకీభవించవు. తెరపై నిగనిగలాడే బొమ్మ మాత్రం ఈ సందేహాన్ని మింగేసి, చూసేవారికి ఊహను చరిత్రగా అందిస్తుంది. నా దృష్టిలో, బొమ్మ నాసిరకంగా ఉండడం కన్నా ఇదే పెద్ద లోపం.

వారసత్వ కట్టడాలను కంప్యూటర్‌లో చూపించడానికి అంతర్జాతీయ మార్గదర్శకమైన లండన్ చార్టర్ (2009లో సవరించినది) ఈ లోపం రాకుండా కోరేది ఇది: ఉన్నదేది, ఆధారాలతో పూరించినదేది, ఊహించినదేది, ఎంత అనిశ్చితి ఉందో ప్రేక్షకుడికి తెలియాలి. అమరావతికి దీన్ని అన్వయిస్తే, దొరికిన ఫలకాలు తమ అసలు సున్నపురాయి రంగులోనూ, పూరించిన భాగాలు లేత రంగులోనూ కనిపించాలి. అండం పైభాగం గీతలుగానే మిగలాలి.

[తెరపై: గీతలతో గీసిన అండం. పక్కనున్న మీటను జరిపితే ఎత్తు తగ్గుతూ, పెరుగుతూ ఉంటుంది.]